చెవుల లాగ్‌బుక్కు

మా ఆఫీసు పేరు గాని, ఊరి పేరు గాని చెప్పను. చెబితే నాకు మెమో వస్తుంది. మెమోకి జవాబు రాయాలంటే తెల్ల కాగితాలకి ఇండెంటు పెట్టాలి. ఆ ఇండెంటు చూసి కాగితాలివ్వాల్సిన స్టోర్సు గుమాస్తాని నేనే. ఈ తద్దినమంతా నాకెందుకు? గోదావరి జిల్లాల్లో జనం అర్జీలు పట్టుకొచ్చే ఆఫీసు ఒకటుందని మాత్రం అనుకోండి. నా పేరు తాతబ్బాయి. ఇరవై రెండేళ్ళుగా ఆ ఆఫీసులో చీపురు దగ్గర్నించి జీపు దాకా ప్రతి వస్తువూ నా రిజిస్టరులో పుట్టి, నా సంతకంతోనే పోయింది.

మా అర్జీల కౌంటరులో గున్నేశ్వర్రావుగారు కూర్చుంటారు. పన్నెండేళ్ళుగా అదే సీటు. ఆయనకి చెముడు. చెముడున్నా కౌంటరులో పెట్టారని మీరనుకుంటే పొరపాటు. చెముడుంది కాబట్టే పెట్టారు. అంతకుముందు ఆ సీటులో పనిచేసిన ముగ్గురిలో ఒకాయనకి రక్తపోటు వచ్చింది. ఒకాయన పది రోజులు సెలవు పెట్టి ఇంతవరకూ రాలేదు. మూడో ఆయన జనం చెప్పేవన్నీ వినీ వినీ, ఒకరోజు తనూ ఒక అర్జీ రాసుకుని కౌంటరు అవతల క్యూలో నిలబడ్డాడు. గున్నేశ్వర్రావుగారికి ఆ బాధల్లేవు. ఎదటి మనిషి నోరు కదిలినంతసేపూ తలూపేవారు. కదలడం ఆగగానే "తప్పకుండా అండి" అని ముద్ర వేసి పంపేసేవారు. రోజుకి నూట ఇరవై అర్జీలు పరిష్కారం. జనం కూడా మెచ్చుకునేవారు. అంత ఓపిగ్గా వినే ఉద్యోగిని వాళ్ళు ఇంకే ఆఫీసులోనూ చూడలేదట.

అంతా సవ్యంగా సాగుతుంటే పైనించి ఒక సర్క్యులరు దిగింది. రాష్ట్రమంతటా "ఆలకింపు పక్షోత్సవాలు" జరపాలట. "ప్రజల గోడును ఆలకించు సిబ్బంది యొక్క శ్రవణ సామర్థ్యమును పరీక్షింపజేసి, లోపమున్నచో తగు ఉపకరణములను కార్యాలయ నిధుల నుండి సమకూర్చి, సమకూర్చినట్లు ఏడు దినములలో ధ్రువీకరించవలెను" అని అందులో ఉంది. ఏడు దినములు అన్నచోట కింద గీత గీసి ఉంది. మిగతా సర్క్యులరు ఎవరు చదివారో నాకు తెలియదు గాని ఆ గీత మాత్రం అందరూ చదివారు. ఆరో రోజున నేనూ గున్నేశ్వర్రావుగారూ చెవుల క్లినిక్కులో ఉన్నాం. సామాను తీసుకుని సంతకం పెట్టాలి కాబట్టి నేను వెళ్ళాను. చెవులు ఆయనవి కాబట్టి ఆయన వచ్చారు.

అక్కడి డాక్టరమ్మ పేరు హరిప్రియ. చెవి వెనకాల కూర్చునే రెండు బుల్లి మిషన్లు తీసి ఆయనకి అమర్చింది. గున్నేశ్వర్రావుగారు ఉలిక్కిపడి పైకి చూశారు.

"ఏటండీ ఆ రొద?"

"ఫ్యానండి," అంది డాక్టరమ్మ.

"ఫ్యాను ఇలా కూస్తాదా?"

"ఎప్పుడూ కూస్తానే ఉందండి. మీకు తెలీలేదంతే. చూడండి రావుగారూ, ఇన్నేళ్ళలో మీ బుర్ర చప్పుళ్ళని మర్చిపోయింది. మళ్ళీ నేర్పాలి. మొదట్లో కాయితం మడిచినా, కుళాయి కారినా, మీరు జంతిక నమిలినా అన్నీ పెద్దగానే వినపడతాయి. చిరాకేసి తీసి పెట్టెలో పెట్టేసేరా, ఇంక అంతే సంగతులు. ముందు ఇంట్లో మొదలెట్టండి. సందడి లేని గదిలో, ఒక్క మనిషితో, మెల్లిగా కబుర్లు చెప్పుకుంటా. రోజూ కాస్త కాస్త టైము పెంచుకోండి. జనంలోకి ఆఖర్న వెళ్ళాలి."

తర్వాత ఆమె నాకూ కొన్ని జాగ్రత్తలు చెప్పింది. రోజూ చిన్న బ్రష్షుతో గులిమి దులపాలి. తడి తగలకూడదు. తీసేశాక బ్యాటరీ మూత తెరిచి, తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టాలి. ఎర్ర చుక్క ఉన్నది కుడి చెవిది, నీలం చుక్క ఉన్నది ఎడమ చెవిది. చివరగా, "మొదటి నెలేనండి కీలకం. ఆ నెలలో అలవాటు చేసుకోని వాళ్ళు తర్వాత చాలామంది చేసుకోరు" అంది.

ఆటోలో వస్తూ గున్నేశ్వర్రావుగారు హారన్ల గోలకి మొహం ముడుచుకుంటూనే నవ్వుకుంటున్నారు. ఎందుకని అడిగాను. అరిచి కాదు, మామూలుగా అడిగాను. ఆయన మామూలుగానే జవాబు చెప్పారు.

"మా ఆవిడ నాతో మాటాడ్డం మానేసిందండి. తిట్టుకుని కాదు. నాకు వినపడాలంటే అరవాలి కదా. అరిచి తగువాడచ్చు గాని, అరిచి కబుర్లేం చెప్పుకుంటామండి? 'అన్నం', 'స్నానం', 'తలుపు'. రోజుకి ఈ మూడు మాటలేనండి మా కాపరం. ఇవాళ ఇంటికెళ్ళి ఈ చెవులెట్టుకుని దాని ఎదురుగా కూచుంటాను."

కూచోలేదు. ఆఫీసులో సూపరింటెండెంటు అనంతపద్మనాభంగారు మాకోసం కాచుకుని ఉన్నారు. రూల్సు పుస్తకం తెరవని రోజు ఆయనకి అన్నం సయించదు.

"తాతబ్బాయిగారూ, దీన్ని ఏ విభాగం కింద ఎక్కిస్తున్నారు?"

మా స్టాకు రిజిస్టరులో మూడే విభాగాలు: స్టేషనరీ, ఫర్నిచరు, వాహనాలు. స్టేషనరీ అవుతుందేమోనన్నాను.

"స్టేషనరీ అనగా వాడగా వాడగా అయిపోవునది. ఇది అయిపోతుందా?"

"లేదండి."

"ఫర్నిచరు అనగా పెట్టినచోట ఉండునది. ఉంటుందా?"

"ఆయన ఎటెళితే అటెళ్తాదండి."

"బ్యాటరీ ఉందా?"

"రెండిటికీ ఉందండి."

"బ్యాటరీ కలిగి, ఒక ప్రదేశము నుండి మరొక ప్రదేశమునకు పోవు ప్రభుత్వ వస్తువును ఏమంటారు?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా పేజీ తిప్పి వేలు పెట్టి చూపించారు. నేను రాశాను. ఒకటి, జీపు. రెండు, కుడి చెవి. మూడు, ఎడమ చెవి. అభ్యంతరం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. రాసిన అక్షరాలు కుదురుగా వచ్చినందుకు సంతోషించాను కూడా.

వాహనమన్నాక వాహనానికున్న నిబంధనలన్నీ ఉంటాయి. ముందు నంబరు వెయ్యాలి. బియ్యపు గింజల మీద పేర్లు రాసేవాడు ఒకడు తీర్థంలో దొరికితే పిలిపించి, ఒక్కో చెవి మీదా నంబరూ, దాని కింద "ప్రభుత్వ వాహనము" అనీ రాయించాం. తర్వాత ఆఫీసరుగారు పరిశీలించి, కుడి చెవి మీదున్న ఎర్ర చుక్క చూసి కంగారుపడ్డారు.

"ఎర్ర బుగ్గ ఎవరి బండికి ఉంటుందో తెలుసా? ఒక సీనియర్ అసిస్టెంటు ఎర్ర బుగ్గ పెట్టుకుని కౌంటరులో కూర్చుంటే రేపు పత్రికలవారికి ఎవరు సమాధానం చెబుతారు? తక్షణం తొలగించి నివేదించండి."

తొలగించడానికి రాలేదు. ప్లాస్టరు ముక్క అంటించాం. సమానత్వం కోసమని నీలం చుక్క మీద కూడా అంటించాం. దానితో ఏది కుడో ఏది ఎడమో తెలియక, గున్నేశ్వర్రావుగారు మర్నాడు తారుమారుగా పెట్టుకున్నారు. చెవిలో సరిగ్గా కూర్చోకపోతే ఆ మిషను కీచుమని కూస్తుంది. అర్జీదారుల మధ్య ఆయన పావుగంట సేపు కూస్తూ కూర్చున్నారు. కార్యాలయ ఆవరణలో హారన్ మోగించినందుకు సంజాయిషీ అడిగారు. ఆయన రాసిచ్చారు.

బ్యాటరీల దగ్గర ఇంకో చిక్కొచ్చింది. ఆ బుల్లి బ్యాటరీ పది రోజులకి మించి రాదు. వాహనాల బ్యాటరీ మూడేళ్ళకి ఒకసారి తప్ప మార్చకూడదని నిబంధన. పదకొండో రోజున చెవులు మూగబోయాయి. మూడేళ్ళు ఆగమన్నారు పద్మనాభంగారు. అప్పుడు నేను నా అనుభవమంతా వాడి, "అయ్యా, దీన్ని బ్యాటరీ అనుకోవడం మనదే తప్పండి. అయిపోతుంటే మళ్ళీ పోసుకుంటున్నాం కదా, ఇది పెట్రోలండి" అన్నాను. ఆయన మొహం విప్పారింది. ఆ రోజునించి బ్యాటరీలని పెట్రోలు కూపన్ల మీద ఇస్తున్నాం.

ఇక లాగ్‌బుక్కు. జీపుకి ఉన్నట్టే ఎక్కడి నుండి, ఎక్కడికి, ఏ పని మీద అని గళ్ళు. గున్నేశ్వర్రావుగారు నిజాయితీపరుడు. అదే ఆయనకి ముప్పు. "అర్జీదారు నోటి నుండి నా చెవికి, భూమి తగాదా పని మీద" అని రాసేవారు. అంతటితో ఊరుకోకుండా, వెనక బల్లల వాళ్ళు చెప్పుకునే మాటలు కూడా చెవిలో పడ్డాయి కాబట్టి అవీ రాసేవారు. "పదకొండు పది. సెక్షను బల్ల నుండి నా చెవికి. సూపరింటెండెంటుగారి బుర్రని కూడా స్టాకు రిజిస్టరులో ఎక్కించాలనీ, వాడకపోవడం వల్ల కొత్తదానిలాగే ఉందనీ. ఏ పని మీదో తెలియదు." వారాంతంలో లాగ్‌బుక్కు సరిచూసి సంతకం పెట్టాల్సింది పద్మనాభంగారే. ఆయన మొత్తం చదివి, సంతకం పెట్టి, "అనధికార ప్రయాణికులను ఎక్కించుకొన్నందులకు" గున్నేశ్వర్రావుగారికి మెమో ఇచ్చారు.

"నేను ఎక్కించుకోలేదండీ. వాళ్ళే ఎక్కేసేరు," అన్నారాయన.

ఇదంతా ఒక ఎత్తు, ఆదెమ్మ సంగతి ఒక ఎత్తు. ఆదెమ్మ మూడేళ్ళుగా నెల నెలా వచ్చే ముసలావిడ. బతికున్న మనిషిని ఎవరో చచ్చినవాళ్ళ జాబితాలో రాసేశారు. నెల నెలా వచ్చి, "బాబూ, నేను బతికే ఉన్నాను" అనేది. గున్నేశ్వర్రావుగారు "తప్పకుండా అండి" అని ముద్ర వేసేవారు. ఆ నెల మొదటిసారిగా ఆ మాట ఆయనకి వినపడింది. తలూపడం మధ్యలో ఆగిపోయింది.

"మళ్ళీ చెప్పు తల్లీ," అన్నారు.

"బతికే ఉన్నాను బాబూ. ఇప్పటికి ముప్పై ఆరు సార్లు చెప్పేను నీకు."

ఆయన లేచి కౌంటరు మూసేసి, ఆవిడ చెయ్యి పట్టుకుని సెక్షనులోకి తీసుకెళ్ళి, పేరు సరిదిద్దేదాకా బల్ల ముందు నించుని కదల్లేదు. మధ్యాహ్నం దాటింది. ఆదెమ్మ బతికింది. కానీ ఆ రోజు పరిష్కారమైన అర్జీలు తొమ్మిది. మర్నాడు పద్నాలుగు. వినడం మొదలుపెడితే పని ఎంత కుంటుపడుతుందో మా ఆఫీసులో అందరికీ అప్పుడే అర్థమైంది. ఆఫీసరుగారు గోడమీది పట్టిక చూసి, "ఆలకింపు పక్షోత్సవాల్లోనే ఇలా పడిపోతే పైవారికి ఏమని నివేదించను?" అని తల పట్టుకున్నారు.

కానీ ఇవేవీ గున్నేశ్వర్రావుగారి బాధ కాదు. ఆయన బాధ అయిదు గంటలు. అయిదు కాగానే ప్రభుత్వ వాహనం గ్యారేజీకి చేరాలి. మా గ్యారేజీ నా బీరువా. ఆయన వచ్చి రెండు చెవులూ తీసి, బ్రష్షుతో దులిపి, మూత తెరిచి డబ్బాలో పెట్టేవారు. నేను తాళం వేసేవాణ్ణి. తాళం తిప్పిన చప్పుడు కూడా ఆయనకి వినపడేది కాదు. జనం అరుపుల మధ్య పగలంతా చెవులు పెట్టుకుని, అలవాటు కాక తలనొప్పితో కణతలు నొక్కుకుంటూ, సందడి లేని ఆ ఇంటికి మాత్రం ఖాళీ చెవులతో వెళ్ళేవారు. డాక్టరమ్మ చెప్పినదానికి సరిగ్గా తలకిందులు. నెలలో పద్దెనిమిది రోజులు అలా గడిచాయి.

పంతొమ్మిదో రోజున ఆయన ఒక అర్జీ రాసుకొచ్చి నా బల్ల మీద పెట్టారు. "భార్యతో మాట్లాడుకొను నిమిత్తము సదరు వాహనములను రోజూ ఇంటికి తీసుకుపోవుటకు అనుమతి కోరుతూ" అని.

"ఇంక పన్నెండు రోజులే ఉందండి తాతబ్బాయిగారూ. ఆ పైన నా బుర్ర నేర్చుకోదంట. ఇక్కడ అరుపులే నేర్చుకుంటే ఇంక నాకు అరుపులే మిగులుతాయండి," అన్నారు.

ఆ కాగితం నేనే పద్మనాభంగారి దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన దయలేని మనిషి కాదు. పుస్తకమంతా వెతికి, సంతోషంగా తలెత్తారు.

"దారి ఉందండి. అధికారి తన స్వంత పనికి వాహనాన్ని నెలకి రెండు వందల కిలోమీటర్లకు మించకుండా వాడుకోవచ్చు."

"కానీ ఇందులో కిలోమీటర్లు ఎలా కొలుస్తామండీ?"

"దీనిలో ప్రయాణించేది ఏది? శబ్దం. శబ్దం వేగం గంటకి ఎంత?" అని, పక్క గదిలోని సైన్సు చదివిన టైపిస్టుని పిలిచి అడిగారు. పన్నెండు వందల ముప్పై అయిదు కిలోమీటర్లన్నాడు. పద్మనాభంగారు కాగితం మీద భాగహారం చేశారు. "రెండు వందల కిలోమీటర్లనగా తొమ్మిది నిమిషముల నలభై మూడు సెకన్లు. ఆదివారం వాడుకోమనండి. వాహనం వెంట మీరు వెళ్ళండి."

"నెలకాండీ?"

"నెలకే."

"రెండు బళ్ళు కదండీ, రెండు కోటాలు ఇవ్వచ్చేమో," అన్నాను.

"రెండూ ఒకేసారి బయల్దేరి ఒకేసారి చేరితే దాన్ని కాన్వాయ్ అంటారు తాతబ్బాయిగారూ. కాన్వాయ్‌కి ఒకటే కోటా."

ఆదివారం సాయంత్రం నాలుగింటికి డబ్బా పట్టుకుని గున్నేశ్వర్రావుగారింటికి వెళ్ళాను. బియ్యం కొట్టు వెనకాల రెండు గదుల వాటా. తలుపు తీసిన ఆవిడ మంగతాయారుగారు. పెళ్ళికి కట్టుకెళ్ళే చీర కట్టుకుంది. చేతిలో పాత క్యాలెండరు కాగితం, దాని వెనక ఏదో రాసుకుంది.

"రండి అన్నయ్యగారూ. కాఫీ ఇమ్మంటారా, టైము తింటాదా?"

వద్దన్నాను. ఫ్యాను ఆపింది. కుళాయి కింద గిన్నె తీసేసింది. ఆయన ఎదురుగా పీట వేసుకు కూచుంది. ఆయన చెవులు పెట్టుకున్నారు. నేను ఫోనులో టైము పెట్టాను.

"వినపడతందాండీ!" అని గట్టిగా అరిచింది. అలవాటు.

ఆయన అదిరిపడి చెవులు మూసుకున్నారు. "అరవకే. మెల్లిగా."

పాపం ఆవిడకి మెల్లిగా మాట్లాడ్డం చేతకాలేదు. పన్నెండేళ్ళ అరుపు గొంతులో కూచుంది. గుసగుసలాడింది, ఎక్కువ తగ్గిపోయింది. మళ్ళీ పెంచింది, ఎక్కువైంది. దారికొచ్చేసరికి మూడు నిమిషాలు పోయాయి. పక్క వాటాలో మిక్సీ తిరిగింది, ఇంకో నిమిషం పోయింది. అప్పుడు క్యాలెండరు కాగితం చూసింది. కంగారులో అందులో ఉన్నది వదిలేసి,

"గ్యాసు బుక్ చెయ్యాలండి," అంది.

"చేస్తాను. ఇంకా చెప్పు."

"పాలాయన నీళ్ళు కలిపేస్తన్నాడండి."

"కలపనీ. ఇంకా చెప్పు."

"ఏటి చెప్పమంటారు?"

"ఏదో ఒహటి చెప్పవే. నీ గొంతు ఇలా ఉంటాదని మర్చిపోయేను," అన్నారాయన.

ఆవిడ ఏడ్చింది. దానికి రెండు నిమిషాలు పట్టింది. నాకు ఆ ఫోను తీసి బయట పారెయ్యాలనిపించింది. కొంగుతో మొహం తుడుచుకుని, సర్దుకుని కూచుని, ఏదో చెప్పడానికి నోరు తెరిచేసరికి ఫోను మోగింది.

గున్నేశ్వర్రావుగారు నిజాయితీపరుడని ముందే చెప్పాను. నేను అడక్కుండానే చెవులు రెండూ తీసి, బ్రష్షుతో దులిపి, డబ్బాలో పెట్టి, డబ్బా నా చేతికిచ్చారు. మంగతాయారుగారు ఆయన మొహంలోకే చూస్తోంది. అప్పుడే పట్టుబడిన ఆ మెత్తటి గొంతుతో, ఆయనకి వినపడదని తెలిసి కూడా, చెప్పడం మొదలుపెట్టింది.

"మా అమ్మ పోయిందని ఆ రోజు మీకు అరిచి చెప్పేనండి. మూడు సార్లు అరిచేను. నాలుగిళ్ళవాళ్ళూ పరిగెత్తుకొచ్చేసేరు. మీరు మాత్రం పేపరు చూస్తా 'ఏటి?' అన్నారు. అది మీ తప్పని కాదు. కానండీ, అది అరిచి చెప్పే మాటా? ఆ రోజునించీ మీతో ఏదన్నా చెప్పాలంటే నాకు నోరు రావట్లేదు."

ఆయన ఆవిడ పెదాలు చూశారు, కళ్ళు చూశారు. నావేపు తిరిగారు.

"ఏవంటోందండీ?"

పన్నెండేళ్ళుగా ఆయనకి ఏ కబురైనా అరిచే చెప్పినవాణ్ణి నేను. జీతాలు పడ్డాయనీ అరిచాను, టీ వచ్చిందనీ అరిచాను. నోరు తెరిచాను. ఆ మాట అరవడం నా వల్ల కాలేదు. సిగ్గేసింది. ఇన్ని సాయంత్రాలు ఆయన చెవులకి తాళం వేసింది ఏ సర్క్యులరూ కాదు, నా చెయ్యే. కళ్ళ నీళ్ళొచ్చాయని రాసుకోవడానికి నాకేం నామోషీ లేదు. డబ్బా మూత తీసి ఆయన చేతుల్లో పెట్టాను.

"మీరే వినండి," అన్నాను. "అమ్మా, ఇందాక చెప్పింది మళ్ళీ చెప్పండి."

బయటికొచ్చి మెట్ల మీద కూచున్నాను. లోపల లైటు వేసేదాకా నన్నెవరూ పిలవలేదు. గంట పైనే అయింది. పద్మనాభంగారి లెక్క ప్రకారం గున్నేశ్వర్రావుగారు ఆ సాయంత్రం కాశీ దాటి వెళ్ళిపోయారు.

ఖాళీ చేతులతో ఇంటికెళ్ళి రూల్సు పుస్తకం తీశాను. నా జీవితంలో దాన్ని శ్రద్ధగా చదివింది ఆ ఒక్కసారే. సోమవారం పొద్దున్న పద్మనాభంగారు గ్యారేజీ తనిఖీకి వచ్చి, ఖాళీ బీరువా చూసి తెల్లబోయారు.

"వాహనాలేవి?"

"బ్రేక్‌డౌను అయ్యాయండి."

"రెండూనా?"

"కాన్వాయ్ కదండీ."

"ఎక్కడ ఆగిపోయాయి?"

"గున్నేశ్వర్రావుగారి ముందు గదిలోనండి. ఆగిన వాహనాన్ని ఇనస్పెక్టరుగారు వచ్చి చూసి ధ్రువీకరించేదాకా ఆగినచోటి నించి కదపరాదని నూట పద్నాలుగో నిబంధన. మనిషిని కాపలా పెట్టాలి. ఇంటివారినే పెట్టానండి."

ఆయన పుస్తకం తెరిచి చూసుకున్నారు. నూట పద్నాలుగో నిబంధన అలాగే ఉంది. మొహంలో కంగారు పోయి, గౌరవం వచ్చింది. నా భుజం తట్టి, "కదపలేదు కదా?" అన్నారు.

"అంగుళం కదపలేదండి."

ఇనస్పెక్టరు ఆఫీసుకి ఉత్తరం రాశాం. ఇంజను నంబరు తెలపనందున పరిశీలన సాధ్యపడదని జవాబొచ్చింది. ఇంజను నంబరు కోసం కంపెనీకి రాశాం. ఉత్తరాలు నడుస్తున్నాయి. నేను తగినన్ని తెల్ల కాగితాలు కేటాయించి ఉంచాను.

ప్రజల గోడు వినడానికి ప్రభుత్వం కొన్న చెవులు కౌంటరుకి రాకూడదు కాబట్టి రావు. ఆఫీసులో గున్నేశ్వర్రావుగారికి మళ్ళీ చెముడే. అది నాకు బాగోలేదు, ఆ మాట ఆయనతోనే అన్నాను. ఆయన ఇప్పుడు తలూపడం మానేశారు. "నాకు వినపడదండి. కాయితం మీద రాయండి, లేదా రాయించుకు రండి" అని పన్నెండేళ్ళుగా సిగ్గుపడి చెప్పని మాట ఎవరొచ్చినా చెబుతున్నారు. అర్జీలు ఎనభై దగ్గర ఆగాయి. ఆఫీసరుగారికి అది చాలు. చెవులు సమకూర్చినట్లు ఏడు దినముల లోపలే ధ్రువీకరించిన ఆఫీసు జిల్లాలో మాదొక్కటే కావడంతో, ఆలస్యంగా జరిగిన పక్షోత్సవాల ముగింపు సభలో మాకు షీల్డు ఇచ్చారు. సభలో మైకు పనిచెయ్యలేదు. గున్నేశ్వర్రావుగారు మొదటి వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు.

ఆగిన వాహనం కాపలాలో ఉన్నచోటే ఉందో లేదో నెలకోసారి చూసి రావాలి. ఆ పని నాదే. మొన్న ఆదివారం వెళ్ళాను. తలుపు ఓరగా వేసి ఉంది. కొట్టబోయి ఆగాను. లోపల మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుంటున్నారు. పులుసులో ఉప్పు గురించి మొదలై, ఆయన మేనత్త దాకా వెళ్ళింది. ఆయన ఒకటంటే ఆవిడ రెండంటోంది. చాలా గట్టి తగువు. పక్క వాటా వాళ్ళకి ఒక్క ముక్క వినపడడం లేదు. అంత మెల్లిగా పోట్లాడుకుంటున్నారు.

నేను తలుపు కొట్టలేదు. మెట్టు మీద కూచుని, "వాహనములు రెండూ ఆగినచోటనే ఉన్నవి. మరమ్మతుకు అవకాశము కనిపించుట లేదు" అని రాసి, సంతకం పెట్టి, చెప్పులు చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని వీధిలోకి వచ్చేశాను.